పన్నెండు మీద పెట్టిన ముల్లు

మా ఇంట్లో విమానం లేదు. మా వంశంలోనే ఎవరికీ లేదు. కానీ వెనకగదిలో బల్ల మీద ఏ రోజు చూసినా పదో పన్నెండో విమానాల ముళ్ళు ఆరుతూ ఉంటాయి, కడిగి బోర్లించిన గరిటెల్లా వరసగా. తెల్లరంగు వేసిన సన్నటి ముళ్ళు. వేగం చెప్పేవి, ఎత్తు చెప్పేవి, ఇంజను వేడి చెప్పేవి. మొన్నమొన్నటిదాకా వాటిలో సగానికి పైగా రంగు వేసిందీ, మోటారు మీద గుచ్చిందీ నేనే. ఈ మాట ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పవలసి వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

ఈ పని మా మనవరాలిది, అంటే నా కూతురి కూతురిది. చిన్నప్పుడు గుమ్మంలోంచి గుమ్మంలోకి తుర్రుమని ఎగిరేది కాబట్టి నేను పిచుక అని పిలిచేదాన్ని, అదే ఉండిపోయింది. ఇంట్లో కూర్చుని విమానం నడిపేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారని దానివల్లే నాకు తెలిసింది. ఒక గది ఖాళీ చేసుకుంటారు. పాత కారు సీటొకటి బిగించుకుంటారు. ఎదురుగా మూడు తెరలు పెట్టుకుంటారు. చేతికి ఒక పిడి, కాళ్ళకి రెండు పెడళ్ళు. కంప్యూటరు ఆకాశం చూపిస్తుంది, వీళ్ళు నడుపుతారు. మాకు పనిచ్చే వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు, ఒక బ్యాంకు మేనేజరమ్మ ఉంది, పగలంతా బస్సు నడిపి ఇంటికొచ్చి విమానం ఎక్కే డ్రైవరొకడున్నాడు. "పొద్దుటినుంచీ నడిపింది చాల్లేదా నాయనా?" అని అడిగితే, "ఇందులో చిల్లర అడిగేవాడు ఉండడు పెద్దమ్మా" అన్నాడు.

వీళ్ళెవరికీ తెర మీద బొమ్మ ముల్లు నచ్చదు. నిజం డయలు కావాలి, నిజం ముల్లు కదలాలి, మీద అద్దం ఉండాలి. ఎవరి విమానం వాళ్ళది కాబట్టి ఎవరి డయలు వాళ్ళకే ప్రత్యేకంగా చెయ్యాలి. మా పిచుక చేసేది అదే. చేసి ఇచ్చేశాక బాగోగులు చూడటం కూడా దానిదే. ఏడాదికోసారి విప్పి దుమ్ము దులపాలి, మాడిన దీపాలు మార్చాలి. పళ్ళ డాక్టరు ఒకసారి ముల్లు బిగుసుకుపోయిందని తలకి రాసుకునే నూనె పోశాడు. "మీ దగ్గరికి వచ్చేవాళ్ళకి పన్ను బిగుసుకుంటే ఇదే పోస్తారా?" అని నేనడిగితే ఫోన్లో నవ్వలేక చచ్చాడు.

నేను ఇందులోకి ఎలా వచ్చానంటారేమో. నా చదువు మూడో తరగతి. మా ఆయన వాచీల మేస్త్రీ. నులకమంచం అంత కొట్టు మాది. అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన విప్పితే నేను కడిగేదాన్ని, ఆయన బిగిస్తే నేను ముళ్ళు గుచ్చేదాన్ని. "నీ చెయ్యి ఊపిరి కంటే తేలిక" అనేవాడు. ఆయన ఎప్పుడో గాని పొగిడే మనిషి కాదు. పిచుక మొదటి డయలు చేసినప్పుడు ముల్లు గుచ్చబోయి నాలుగు ముళ్ళు వంచేసింది. నేను వెళ్ళి ఆయన వాచీ ముళ్ళు నొక్కే కొయ్యపుల్ల తెచ్చి, దాని బోలు మొనతో ఒక్క నొక్కుడు నొక్కాను. బుగ్గ మీద చుక్క పెట్టినట్టు కూర్చుంది. అప్పటినుంచీ ముళ్ళ పని నాది. డెబ్భై ఆరేళ్ళప్పుడు నాకు ఉద్యోగం వచ్చింది చూడండి!

ఈ పనిలో ఒక్క కిటుకు ఉంది. అది చెబితేగాని మిగతాది అర్థం కాదు. డయలు వెనక మోటారుకి కళ్ళు లేవు. కరెంటు ఇవ్వగానే అది వెనక్కి వెనక్కి తిరిగి, లోపలున్న అడ్డుపుల్లకి కొట్టుకుని ఆగుతుంది. అక్కణ్ణించి అడుగులు లెక్కపెట్టుకుంటూ ముందుకొస్తుంది. అది ఆగిన చోట మనం ముల్లుని ఎటు చూసేలా గుచ్చితే, ఇక బతుకంతా అక్కణ్ణించే దాని లెక్క. ఇసుమంత తప్పు గుచ్చామా, ప్రతి అంకె దగ్గరా అదే తప్పు చూపిస్తుంది. తడబడదు, వణకదు. నిజం చెప్పే ముల్లు ఎంత ధీమాగా నిలబడుతుందో ఇదీ అంతే ధీమాగా నిలబడుతుంది.

అందుకే పిచుక ఒక పద్ధతి పెట్టింది. ముల్లు గుచ్చాక కంప్యూటరుకి కలిపి నడిపించాలి. నలభై అంటే నలభై మీద ఆగాలి, యాభై అంటే యాభై మీద. భూతద్దం పెట్టి ఒక్కొక్క అంకె చూడాలి. పది నిమిషాల పని. దానికి ముల్లు నడక అని పేరు పెట్టుకున్నాం. నడక చూసినవాళ్ళు ఒక కాగితం మీద సంతకం చేసి, ఆ కాగితాన్ని డయలుతో పాటు పంపాలి. చిన్నప్పటి అక్షరాలు మరిచిపోయి, నా పేరు రాయడం నేను నలభై దాటాక మళ్ళీ నేర్చుకున్నాను. ఆ కాగితాల మీద గుండ్రంగా, తీరిగ్గా రాసేదాన్ని.

కెప్టెన్ గారు నిజంగా విమానాలు నడిపిన మనిషి. యాభై ఎనిమిదో ఏట గుండెకి ఏదో వస్తే, ఇక నడపకూడదని కాగితం ఇచ్చారట. ఆ తరవాత ఇంట్లో గది కట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా శనివారాలు ఫ్లయింగ్ క్లబ్బులో కొత్త పిల్లలకి పాఠం చెప్పేవారు, విమానం ఎలా దించాలో. ఆయనకి తను మొట్టమొదట నేర్చుకున్న పాత విమానంలోని వేగం డయలే కావాలి. ఫోటో తెచ్చిచ్చారు. అందులో ముల్లు ఊరికే ఉన్నప్పుడు నడినెత్తిన ఉండదు, కాస్త ఎడమకి ఒరిగి ఉంటుంది. అక్కడ గీతా లేదు, అంకే లేదు. అంకెలు నలభైతో మొదలవుతాయి.

"అమ్మమ్మా, ఇది పన్నెండు మీద కాదు. మూడు నిమిషాలు తక్కువ పన్నెండు," అంది పిచుక. నాకు గడియారం భాషలో చెబితేనే బుర్రకెక్కుతుందని దానికి తెలుసు.

అలాగే గుచ్చాను. పిచుకే నడక చూసింది, బాగుందంది. నేనూ పక్కనే ఉన్నాను కాబట్టి సంతకం నన్ను చెయ్యమని కాగితం బల్ల మీద పెట్టి, వేరే పార్సిలు పంపడానికి కొరియరు ఆఫీసుకి వెళ్ళింది. కెప్టెన్ గారు నాలుగింటికి వస్తానన్నారు.

మూడున్నరకి అద్దం తుడుస్తుంటే లోపల చిన్న నూగు కనిపించింది. కనిపించిందని ఎందుకన్నానంటే, ఆ రోజుల్లో నాకు కనిపించేది తక్కువ. కుడికంటి ముందు ఎవరో పాలు చిలకరించినట్టు ఉండేది. ఆర్నెల్లుగా. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముళ్ళు నా చేతిలోంచి పోతాయి. ముళ్ళు పోతే నేను మళ్ళీ టీవీ ముందు కూర్చుని కునికే ముసలమ్మని. అందుకని తల కుడికి తిప్పి, ఎడమకంటితో చూసుకుంటూ నెట్టుకొచ్చాను. "ఏమిటమ్మమ్మా, కోడిలా చూస్తున్నావ్?" అని పిచుక నవ్వితే, మెడ పట్టేసిందన్నాను.

అద్దం తీసి నూగు ఊదాను. చెయ్యి వెనక్కి తీసుకుంటుంటే స్వెట్టరు చేతికి వేలాడుతున్న దారం ముల్లుకి తగులుకుంది. ముల్లు ఊడి బల్ల మీద పడింది. టిక్ అని చిన్న చప్పుడు. ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

అదే సమయానికి గేటు చప్పుడైంది. కెప్టెన్ గారు అరగంట ముందే వచ్చేశారు.

"అమ్మా, తొందరపడి వచ్చేశాను. ఆగలేకపోయాను," అన్నారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, అరవై నాలుగేళ్ళ మనిషి, బడి వదిలిన పిల్లాడి మొహంతో.

"కూర్చోండి కెప్టెన్ గారూ, అద్దం పెట్టేసి తెస్తాను," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఆశ్చర్యం.

మోటారుకి కరెంటిచ్చాను. అది వెనక్కి వెళ్ళి ఆగింది. కొయ్యపుల్లతో ముల్లు నొక్కాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు ముల్లుని పన్నెండు మీద పెట్టిన చెయ్యి అది. నడక చూడాలంటే కంప్యూటరు పెట్టాలి, భూతద్దం పెట్టాలి, నాకు కనపడని అంకెలు ఒక్కొక్కటీ చూడాలి, ముల్లు ఊడిందని ఆయనకి చెప్పాలి. అవతల గదిలోంచి ఆయన మాట్లాడుతూనే ఉన్నారు.

"మీ మనవరాలి బుర్రా, మీ చెయ్యీ. ఇంకెక్కడా దొరకదమ్మా ఇలాంటి జోడీ."

సంతకం చేశాను. గుండ్రంగా, తీరిగ్గా.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే ఉన్నట్టుండి గుర్తొచ్చింది, మూడు నిమిషాలు తక్కువ అని. నేను ఎక్కడ పెట్టాను? ఎంత తలచుకున్నా చేతికి గుర్తు రాలేదు. అలవాటైన చెయ్యి, సరిగ్గానే పెట్టి ఉంటుందిలే అనుకున్నాను. మర్నాడూ అనుకున్నాను. ఆ మర్నాడూ అనుకున్నాను. తప్పైతే ఆయనే ఫోను చేస్తారు కదా అనుకున్నాను. ఫోను రాలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మొదటిరోజు చెబితే పొరపాటు, పదోరోజు చెబితే దొంగతనం.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. కెప్టెన్ గారు కాదు, ఆయన భార్య. పిచుక చేతికి రంగు ఉందని స్పీకరులో పెట్టింది. నేను పక్కనే రంగు కలుపుతున్నాను.

"అమ్మాయ్, ఆ గదిలో సామానంతా వచ్చి విప్పేసి తీసుకుపోగలవా?"

"ఏమైంది ఆంటీ? ఏదన్నా పాడైందా?"

"సామాను బంగారంలా ఉంది. పాడైంది ఈయన. విమానం దించలేకపోతున్నారు. రోజుకి పదిసార్లు ప్రయత్నిస్తారు, పదిసార్లూ రన్‌వేకి ముందే కూలిపోతుంది. బుర్ర పోతోందంటున్నారు. మా మామగారికి ఈ వయసులోనే మతిమరుపు మొదలైంది, అదే వచ్చిందని పట్టుకు కూర్చున్నారు. డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నాడు. నమ్మరు. మొన్న శనివారం క్లబ్బుకి ఉత్తరం రాసిచ్చేశారు, నేను పిల్లలకి నేర్పడానికి పనికిరానని."

"డయలు ఒకసారి చూడనివ్వండి ఆంటీ—"

"నేనూ అదే అన్నా. ముల్లు అబద్ధం చెప్పదు అంటారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి అదేగా చెప్పింది! నీ ఒళ్ళు చెప్పింది నమ్మకు, ముల్లు చెప్పింది నమ్ము అని."

గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నవాడి గురించి చిన్నప్పుడు విని నవ్వేదాన్ని. ఆ రోజు నా రెండు చేతులూ వాటంతటవే చీర కొంగులో దూరాయి. పిచుక నా వైపు చూడలేదు. "రేపు పొద్దున్నే వస్తాం ఆంటీ," అని పెట్టేసింది.

మర్నాడు కారులో గంట ప్రయాణం. గంటసేపూ నేను నోరు మూయలేదు. మా ఆయన గోడగడియారం మోసుకుంటూ వాగు దాటిన సంగతి చెప్పాను, పెళ్ళివారి వాచీ తలకిందులుగా బిగించిన సంగతి చెప్పాను, మా ఆడపడుచు కోడి మింగిన ఉంగరం సంగతి చెప్పాను. ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను.

"అమ్మమ్మా, ఇవాళ నీకు బాగా ఊపొచ్చిందే," అంది పిచుక.

"నీకు నిద్ర రాకుండా చెబుతున్నానే," అన్నాను.

తలుపు కెప్టెన్ గారే తీశారు. గడ్డం గీసుకోలేదు. చొక్కా గుండీ ఒకటి తప్పిపెట్టుకున్నారు. నన్ను చూడగానే చేతులు జోడించారు. తలుపు వెనక ఒక చీటీ అంటించి ఉంది, పెద్ద పెద్ద అక్షరాలతో. తాళం. పర్సు. కళ్ళజోడు. వంటగది గుమ్మం మీద ఇంకొకటి. గ్యాసు కట్టావా? నేను నిదానంగా కూడబలుక్కుని చదివేదాన్ని కాబట్టి అక్కడే నిలబడిపోయాను.

"ఆయనే రాసుకున్నారు," అంది ఆవిడ నెమ్మదిగా. "ఇంటి తాళాలు కూడా నాకిచ్చేశారు పెద్దమ్మ గారూ. పారేస్తానేమోనని భయమట. ఇప్పటిదాకా ఒక్కటీ పారెయ్యలేదు."

నా కాళ్ళ కింద నేల చల్లగా ఉంది. నేను చేసిన పని ఈ ఇంట్లో గోడగోడకీ అంటించి ఉంది.

గదిలోకి వెళ్ళాం. ఆయన సీటులో కూర్చుని, "ఒక్కసారి చూడమ్మాయ్, అప్పుడు నీకే అర్థమవుతుంది. నీ పనిలో లోపం లేదు," అని మొదలుపెట్టారు. తెరల మీద పొలాలు, దూరంగా రన్‌వే గీత. ఆయన చెయ్యి వణకడం లేదు. ఎంత మెత్తగా పట్టుకున్నారో ఆ పిడిని! పైకి చదువుతున్నారు.

"డెబ్భై... అరవై అయిదు... అరవై. అరవై మీద నిలబెట్టాను. చూడు, కదలట్లేదు. ఇలాగే దిగాలి. నలభై ఏళ్ళుగా ఇలాగే దిగాను."

ముక్కు ఒక్కసారిగా కిందికి వాలింది. పొలం మీదికొచ్చింది. తెర ఆగిపోయింది.

"అదీ," అన్నారాయన పిడి వదిలేసి. "నాకు తెలియకుండానే ఏదో చేస్తున్నాను. ఏం చేస్తున్నానో తెలియట్లేదు. అదే భయం."

"అంకుల్, ముల్లుని అనుమానించలేదా మీరు?" అంది పిచుక.

"మొదటిరోజే అనుమానించాను. దాచడం దేనికి." సీటు పక్కనున్న ఫైలు తీసి, అందులోంచి కాగితం తీశారు. "ఇది చూశాను. నడక చూశామని అమ్మ సంతకం ఉంది. ఇంక అనుమానం దేనికి? అమ్మ చేతి మీద అనుమానం పడి నన్ను నేను ఓదార్చుకోనా?"

అప్పుడు చెప్పాలి. అప్పుడే. తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. పైగా, ఇది కూడా చెప్పాలి, లోపల ఒక ఆశ పుట్టింది నాకు. పిచుక ఎలాగూ కంప్యూటరు పెట్టి చూస్తుంది, మోటారుదో తీగదో అని చెప్పి సరిచేస్తుంది, ఈయన బాగుపడతారు, నా సంగతి ఎవరికీ తెలియదు. ఆ చీటీలు చూశాక కూడా నాకు ఆ ఆశ పుట్టింది.

పిచుక తన కంప్యూటరు తీగ కలిపి అరవై అని కొట్టింది. ముల్లు కదిలి అరవై ఏడు మీద ఆగింది. డెబ్భై కొట్టింది. డెబ్భై ఏడు. అంతా సమానంగా ఏడు ఎక్కువ. విమానం యాభై మూడుతో ఈడుస్తుంటే ముల్లు అరవై అని చెబుతోంది. అంత నిదానిస్తే రెక్కలు మొయ్యలేవు, విమానం పడిపోతుంది. ఎంత చక్కగా నడిపితే అంత ఖచ్చితంగా కూలుతుంది.

పిచుక కాగితం వైపు చూసింది. నా వైపు చూసింది. అది తెలివితక్కువది కాదు. ఆ నడక తనే చూసింది, అప్పుడు అరవై అరవై మీదే ఆగింది. ఆ తరవాత డయలు దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే.

"నాదే తప్పు అంకుల్," అంది. "మోటారు లెక్క నేను తప్పు రాసి ఉంటాను. అమ్మమ్మ సంతకమే చేసింది, పని నాది. నన్ను క్షమించండి."

తలెత్తకుండా అంది. నేను దానికి జడలు వేశాను, అన్నం కలిపి పెట్టాను, దెబ్బ తగిలితే ఊదాను. అది నన్ను కాపాడటానికి తన పని పేరు నాశనం చేసుకుంటోంది. నా తల తీసి నేల మీద పెట్టినట్టయింది.

"అబద్ధం," అన్నాను.

"అమ్మమ్మా, నువ్వుండు."

"నువ్వుండవే. కెప్టెన్ గారూ, అది సరిగ్గానే చేసింది. మీరొచ్చే ముందు నా చేతిలో ముల్లు ఊడింది. మళ్ళీ నేనే గుచ్చాను, వాచీకి గుచ్చినట్టు పన్నెండు మీద. నడక చూడలేదు. చూడకుండా సంతకం చేశాను."

ఆయన నన్నే చూస్తున్నారు. "చూడలేదని తెలిసే చేశారా?"

"తెలిసే చేశాను బాబూ. ఆ సాయంత్రమే అనుమానం కూడా వచ్చింది. చెప్పలేదు. నాకు కుడికన్ను కనపడటం లేదు. అది చెప్పాల్సి వస్తుందని ఇదీ చెప్పలేదు."

పిచుక చేతిలో తీగ కింద పడింది. కన్ను సంగతి దానికి అప్పుడే తెలిసింది.

"ఇరవై మూడు రోజులు," అన్నారు కెప్టెన్ గారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. "రోజూ పొద్దున్న లేచి, ఇవాళ తేదీ ఎంత, మా ఆవిడ పేరేమిటి అని నన్ను నేను పరీక్ష పెట్టుకున్నాను. తెలుసా అమ్మా మీకు?"

లేచి గదిలోంచి వెళ్ళిపోయారు. పక్కగదిలో కుళాయి తిప్పిన చప్పుడైంది. చాలాసేపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆయన భార్య గోడకి ఆనుకుని నిలబడి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో ఊపిరి పీల్చుకుంటోందో నాకు తెలియలేదు. "ఆయనకేమీ లేదన్నమాట," అంది, ఎవరితోనో కాదు, తనలో తానే. "ఏమీ లేదన్నమాట." నన్ను తిడుతుందని చూశాను. నేను ఆ గదిలో ఉన్నట్టే ఆవిడకి గుర్తు లేదు.

పిచుక డయలు విప్పింది. ముల్లు తీసి, మూడు నిమిషాలు తక్కువ దగ్గర తనే గుచ్చింది. ఒక్కసారికే కూర్చుంది. ఎప్పుడు నేర్చుకుందో! నేను నేర్పలేదు, చూసి నేర్చుకుని ఉంటుంది. అంటే నాతో చాలాకాలంగా అవసరం లేదు దానికి. నా ముచ్చట కోసమే ఆ పని నాకు వదిలిపెట్టింది.

కెప్టెన్ గారు మొహం కడుక్కుని వచ్చారు. కూర్చోబోయే ముందు పిచుకని అడిగారు: "నడక చూశావా?"

"చూశాను అంకుల్."

"నాకూ చూపించు."

నలభైనుంచి నూట అరవై దాకా ఒక్కొక్క అంకె ఆయన ముందు నడిపించింది. ఆయన ముక్కు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి చూశారు. తరవాత కూర్చున్నారు. అరవై అన్నారు. రన్‌వే దగ్గరికొచ్చింది, ఇంకా దగ్గరికొచ్చింది, చక్రాలు నేలకి తగిలాయి. అంతే. ఇంకోసారి. మూడోసారి. ఒక్కసారీ ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు. మూడోసారి దిగాక పిడి వదిలి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నారు. ఎక్కడికో పోయి తిరిగొచ్చిన చుట్టాల్ని చూసినట్టు.

"క్లబ్బుకి ఫోను చెయ్యండి," అంది ఆవిడ.

అక్కడే, మా ముందే చేశారు. అవతలివాళ్ళ మాట మాకు వినపడలేదు. "అలాగా... లేదు లేదు, మీరు చేసిందే సరైనది... పర్లేదు, వచ్చే జట్టుకి చూద్దాం," అన్నారు. పెట్టేశాక, "ఇంకొకాయనకి ఇచ్చేశారు. మంచివాడే," అన్నారు ఆవిడతో.

నేను ఆయన దగ్గరకి వెళ్ళి చేతులు పట్టుకోబోయాను. ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు గాని, నా చేతుల్లోకి ఇవ్వనూ లేదు.

"బాబూ, నా వయసు చూసైనా—"

"అమ్మా," అన్నారు, "మీ మీద కోపం లేదంటే అబద్ధం అవుతుంది. ఈ ఇంట్లో ఇప్పటికి ఒక అబద్ధం చాలు."

తిరుగు ప్రయాణంలో నేను నోరు తెరవలేదు. పిచుక కూడా. సగం దారిలో కారు పక్కన ఆపి, తల స్టీరింగు మీద పెట్టుకుంది.

"తిట్టవే," అన్నాను. "తిడితే నాకు తేలికవుతుంది."

"నీకు తేలికవడానికి నేనెందుకు తిట్టాలి?" అంది. తలెత్తి, "ఆర్నెల్లు! పక్కనే కూర్చుని కోడిలా చూస్తున్నావని నవ్వాను నేను. నాకు సిగ్గేస్తోంది," అంది. నా సిగ్గులో దానికీ వాటా పంచిపెట్టాను.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. పొర తీశారు. ఇప్పుడు గోడ మీద చీమ కూడా కనిపిస్తోంది. పిచుక ఒక మాట అనలేదు గాని, ముళ్ళ పెట్టె నా వైపునుంచి తన వైపుకి జరిగింది. నేనూ అడగలేదు. ఇప్పుడు నా పని డయళ్ళని మెత్తటి దూదిపొరలో చుట్టి పెట్టెల్లో సర్దడం. అదీ ఒక పనే. బస్సు డ్రైవరు వచ్చినప్పుడు, "ఏం పెద్దమ్మా, ప్రమోషనా?" అన్నాడు. "డ్రైవరు సీటులోంచి వెనక సీటుకి పంపారు నాయనా," అన్నాను. అతను నవ్వాడు. పిచుక నవ్వలేదు.

రెండు నెలల తరవాత ఒక పొద్దున్న ఫోను మోగింది. పిచుక ఇంట్లో లేదు, నేనే తీశాను. కెప్టెన్ గారు. గొంతు గుర్తుపట్టి కూర్చున్నచోటినుంచి లేచి నిలబడ్డాను.

"అమ్మా, ఎత్తు డయలులో దీపం పోయింది. పంపిద్దామని," అన్నారు. మర్యాదగానే అన్నారు.

"పంపండి బాబూ. వారంలో చేసిచ్చేస్తుంది."

"విప్పితే ముల్లు తియ్యాలి కదా?"

"తియ్యాలి."

కొంచెం ఆగారు. అడగనా వద్దా అని ఆలోచిస్తున్నారని నాకు తెలుసు. మనిషి మంచివాడు కాబట్టి అంతసేపు ఆగారు.

"మళ్ళీ ఎవరు పెడతారు?"

"మనవరాలే బాబూ. నేను తాకను."

"సరే అయితే, పంపిస్తాను," అన్నారు, పెట్టేశారు.

ఆయన అడగవలసిందే అడిగారు. నేను ఉన్నమాటే చెప్పాను. ఫోను బల్ల మీద పెట్టాక గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా చాలాసేపు తలెత్తి కిటికీ వైపు కూడా చూడలేకపోయాను.